పాత ఫ్రిజ్‌కు కొత్త కొలువు

అమెరికాలో సొంతిల్లున్న చాలామందికి గ్యారేజీలో రెండో ఫ్రిజ్ ఒకటి ఉంటుంది. వంటింట్లోకి కొత్తది దిగినప్పుడు, పనిచేస్తున్న పాతదాన్ని పారేయడానికి మనసొప్పక కారు పక్కకి చేరుస్తారు. కూల్‌డ్రింకులూ, మాంసం పొట్లాలూ, సగమైన పచ్చడి సీసాలూ అందులోకి పోతాయి. ఇంట్లో బీరు తయారుచేసుకునే సరదా ఉన్నవాళ్ల గ్యారేజీలో మాత్రం ఆ ఫ్రిజ్ వేషమే వేరు. అరలన్నీ పీకేసి ఉంటాయి. లోపల పెద్ద గాజు జాడీ ఒకటి, దాని మూతిలో గుచ్చిన ప్లాస్టిక్ గొట్టంలో ఆగి ఆగి పైకొచ్చే బుడగలు. తలుపు పక్కన వేలాడే నల్ల పెట్టె మీద అంకెలు 65 దగ్గర ఆడుతుంటాయి. ఫారెన్‌హీట్‌లో 65 అంటే మన లెక్కలో 18 డిగ్రీలు.

పాలకైతే 4 డిగ్రీలు కావాలి. 18 డిగ్రీల ఫ్రిజ్‌లో పాలు మర్నాటికే విరుగుతాయి. అయినా ఆ ఫ్రిజ్ చెడిపోలేదు, పనిగట్టుకుని అలా పెట్టిందే.

బీరు తయారీలో మనిషి చేసేది ఒక్క పూట పని. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, అంటే మాల్టును, 65–68 డిగ్రీల నీళ్లలో ఓ గంట నానబెడితే అందులోని పిండిపదార్థం చక్కెరలుగా మారుతుంది. ఆ తీపి నీళ్లను వడగట్టి, హాప్స్ పువ్వులు వేసి మరో గంట మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలుపుతారు. ఈ తీపి రసాన్నే వర్ట్ అంటారు. ఇక అక్కణ్ణుంచి వారం పది రోజులు పనంతా ఈస్ట్‌దే. అది చక్కెరను తిని ఆల్కహాలునూ, కార్బన్ డయాక్సైడునూ వదులుతుంది. వాటితోపాటు వేడినీ వదులుతుంది. కొత్తగా ఈ పనిలోకి దిగినవాళ్లు లెక్కలో వేసుకోనిది ఈ వేడినే.

ఎంత వేడి? అమెరికాలో ఇంటి బీరుకు మామూలు కొలత ఐదు గ్యాలన్లు, దాదాపు 19 లీటర్లు. ఐదు శాతం ఆల్కహాలు తేలే మోస్తరు బీరులో ఈస్ట్ సుమారు కిలోన్నర చక్కెరను ఖర్చుచేస్తుంది. కిలో చక్కెర పులిస్తే దాదాపు 587 కిలోజౌళ్ల వేడి పుడుతుందని బ్రూవరీల లెక్క. కిలోన్నరకు 880. ఈ వేడి ఏ మాత్రం బయటికి పోకపోతే జాడీలోని ద్రవం పది పదకొండు డిగ్రీలు పెరుగుతుంది. (ఈ కొలమానానికి పేరిచ్చిన జేమ్స్ జౌల్ కూడా ఇంగ్లండ్‌లోని సాల్ఫర్డ్‌లో బ్రూవరీ నడిపిన కుటుంబంలోనివాడే.) నిజానికి ఆ వేడి చాలావరకు జాడీ గోడల గుండా పోతుంది. అయినా పులవడం ముమ్మరంగా సాగే రెండో రోజునో మూడో రోజునో జాడీ లోపల గదికన్నా మూడు నుంచి ఐదు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. గదిలో 24 ఉంటే ఈస్ట్ 28లో ఉందన్నమాట.

28 డిగ్రీల్లో ఈస్ట్ చావదు. పైగా రెట్టింపు హుషారుగా పనిచేస్తుంది, చిక్కంతా ఆ హుషారుతోనే. తొందర తొందరగా పెరిగే ఈస్ట్ మామూలు ఆల్కహాలుతోపాటు ఫ్యూజెల్ ఆల్కహాల్స్ అనే బరువైన రకాలను కూడా ఎక్కువగా వదులుతుంది. గొంతులో మంట పుట్టించే ఘాటు వీటిది. ఎస్టర్లూ పెరుగుతాయి. వీటిలో ఐసోఅమైల్ అసిటేట్‌ది పండిన అరటిపండు వాసన, ఇథైల్ అసిటేట్‌ది గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన. జర్మన్ల గోధుమ బీరుకు అరటిపండు వాసన అందం. ఇంగ్లిష్ తరహా పేల్ ఏల్‌లో అదే వాసన వస్తే తయారుచేసినవాడు ముఖం చిట్లిస్తాడు. సాధారణంగా ఏల్ రకాలకు 18 నుంచి 20 డిగ్రీలు, లాగర్ రకాలకు 9 నుంచి 12 డిగ్రీలు కావాలి. ఫీనిక్స్‌లో జులై మధ్యాహ్నం బయట 41 డిగ్రీలు మామూలు. మినియాపొలిస్‌లో జనవరిలో గ్యారేజీ నీళ్లు గడ్డకట్టే స్థాయికి దిగుతుంది. ఈ రెండు ఊళ్లలోనూ ఏడాది పొడుగునా 18 డిగ్రీలు దొరికే చోటు కావాలంటే దాన్ని కొనుక్కోవాలి, లేదా తయారుచేసుకోవాలి.

చల్లదనం కోసం యంత్రం కనిపెట్టించిన వాళ్లలో బీరు తయారీదార్లు ముందు వరసలో ఉన్నారు. వేసవిలో చేసిన బీరు చెడిపోతోందని బవేరియాలో డ్యూక్ ఐదో ఆల్బ్రెక్ట్ 1553లో ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా బీరు తయారీనే నిషేధించాడు. చలికాలంలో చేసిన సరుకును నేలమాళిగల్లో దాచేవాళ్లు. చెరువుల మీద గడ్డకట్టిన మంచును కోసి బండ్ల మీద తెచ్చి ఆ మాళిగలు నింపేవాళ్లు. 19వ శతాబ్దంలో బ్రూవరీలు పెద్దవయ్యేకొద్దీ మంచు చాల్లేదు, చలి సరిగ్గా పట్టని ఏడు అసలే దొరకలేదు. మ్యూనిక్‌లో ఇంజనీరింగ్ ప్రొఫెసర్ కార్ల్ ఫాన్ లిండె శీతలీకరణ యంత్రాల మీద 1870ల మొదట్లో రాసిన వ్యాసాలు బ్రూవరీల యజమానుల కంటపడ్డాయి. స్పాటెన్ బ్రూవరీ అధిపతి గాబ్రియేల్ జెడ్ల్‌మాయర్ తన ఆవరణలోనే ప్రయోగానికి చోటిచ్చాడు. లిండె తొలి యంత్రం అక్కడే తిరిగింది. అమోనియాతో నడిచే మెరుగైన యంత్రం 1877లో ట్రియెస్టెలోని డ్రెహెర్ బ్రూవరీకి వెళ్లింది. జనరల్ ఎలక్ట్రిక్ వారి ‘మానిటర్ టాప్’ ఫ్రిజ్ అమెరికా వంటిళ్లలోకి రావడానికి 1927 దాకా ఆగాల్సి వచ్చింది. వరసలో చూస్తే బీరు మాళిగ ముందు, పాల గిన్నె తర్వాత.

అమెరికాలో ఇంటి బీరుకు చట్టబద్ధత కూడా ఆలస్యంగానే వచ్చింది. 1933లో మద్యనిషేధం తొలగినప్పుడు ఇంట్లో వైన్ చేసుకునే వీలు దక్కింది గానీ బీరుకు దక్కలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఆ లోటు తీరింది. 1979 ఫిబ్రవరి 1 నుంచి ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే ఉంటే 100 గ్యాలన్లు పన్ను లేకుండా చేసుకోవచ్చు, అమ్మకూడదు. రాష్ట్రాలు తమ తీరిక కొద్దీ ఒప్పుకుంటూ వచ్చాయి. చివరివైన మిసిసిపీ, అలబామా 2013లో తలూపాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పరిస్థితి వేరు. లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం ఇక్కడ ఎక్సైజ్ చట్టం కింద నేరం. ఆ చట్టానికి సారా అయినా బీరైనా ఒకటే. కాబట్టి ఈ అధ్యాయంలోని పని డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాళ్లు చేయగలిగింది, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు చదివి తెలుసుకోదగ్గది.

ఇక ఫ్రిజ్ సంగతి.

కంప్రెసర్ శీతలీకరణ ద్రవపు ఆవిరిని నొక్కి వేడి చేస్తుంది. వెనకో పక్కల్లోనో ఉన్న గొట్టాల్లో ఆ వేడి గదిలోకి పోయి ఆవిరి ద్రవమవుతుంది. వెంట్రుకంత సన్నటి గొట్టం గుండా దూరి అవతలికి వెళ్లేసరికి దాని పీడనం పడిపోయి, మళ్లీ ఆవిరవుతూ ఫ్రిజ్ లోపలి వేడిని లాగేసుకుంటుంది. ఈ చక్రం ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేది థర్మోస్టాట్. దాని పరిధి ఇంచుమించు 1 నుంచి 8 డిగ్రీలు. నాబ్‌ను ఎటు తిప్పినా 18 రాదు. అందుకని నాబ్ జోలికి పోకుండా, ఫ్రిజ్‌కు కరెంటు అందే దారిలోనే మరో థర్మోస్టాట్‌ను కాపలా పెడతారు. గోడ ప్లగ్గుకీ ఫ్రిజ్ ప్లగ్గుకీ మధ్య వచ్చే పెట్టె అదే. ఉష్ణోగ్రత 18.5 దాటితే ఫ్రిజ్‌కు కరెంటు ఇస్తుంది, 18కి దిగితే ఆపేస్తుంది. ఫ్రిజ్ సొంత నాబ్‌ను అతిచల్లని అంకె మీద వదిలేయాలి, లేకపోతే కొత్త యజమాని ‘నడువు’ అంటున్నా పాత యజమాని ‘చాల్లే’ అని ఆపేసే ప్రమాదముంది.

ఇంక్‌బర్డ్ ఐటీసీ-308 లాంటి పెట్టెలు ఈ పనికి బాగా వాడుకలో ఉన్నాయి. వాటికి రెండు సాకెట్లు ఉంటాయి, ఒకటి చలికి, ఒకటి వేడికి. ఎస్‌టీసీ-1000 అనే చవక రకం వట్టి పలకగా వస్తుంది, వైరింగ్ మొత్తం కొన్నవాళ్లే చేసుకోవాలి. ఇంటి కరెంటుతో పని తెలియనివాళ్లు మిగిలే డబ్బు కోసం దాని జోలికి పోకపోవడమే మంచిది. మొదటిదానికి ప్లగ్గు పెడితే చాలు.

ఆ పెట్టెలో కంప్రెసర్ డిలే అనే అమరిక ఉంటుంది. దాన్ని ఐదు నిమిషాల దగ్గర పెట్టాలి. కంప్రెసర్ ఆగిన వెంటనే ఒక వైపు పీడనం ఎక్కువగా, ఇంకో వైపు తక్కువగా ఉంటుంది. ఆ సన్నటి గొట్టం గుండా రెండూ సమం కావడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. ఈలోగా మళ్లీ కరెంటిస్తే మోటారు ఎదురు పీడనాన్ని తోయలేక తిరగకుండా మూలుగుతుంది, వైండింగ్ వేడెక్కుతుంది, ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ ‘టక్’మని తెగుతుంది. పదేపదే ఇలా జరిగితే కంప్రెసర్ ఆయుష్షు తీరుతుంది. కరెంటు పోయి వచ్చే ఊళ్లలో పెరిగిన తెలుగువాళ్లకు ఈ సంగతి కొత్తేమీ కాదు. ఫ్రిజ్ స్టెబిలైజర్‌లో టైమ్ డిలే ఉండేది ఇందుకే.

ఈ మొత్తం ఏర్పాటులో రుచిని నిర్ణయించే భాగం మాత్రం పెట్టె కాదు, దాని నుంచి వచ్చే వైరు కొసన ఉన్న, వేడిని కొలిచే పెన్ను మూతంత ప్రోబ్. దాన్ని ఎక్కడ పెట్టారన్నదే అసలు ప్రశ్న. ఫ్రిజ్ లోపల ఉన్న గాలిని ఒక డిగ్రీ చల్లార్చడానికి తీయాల్సిన వేడి అర కిలోజౌలు కూడా ఉండదు. 19 లీటర్ల బీరును ఒక డిగ్రీ చల్లార్చడానికి 80 కిలోజౌళ్లు తీయాలి. ప్రోబ్‌ను గాలిలో వేలాడదీస్తే కంప్రెసర్ రెండు నిమిషాల్లో గాలిని 18కి దింపేసి ఆగిపోతుంది. జాడీలో మాత్రం 21, 22 నడుస్తూనే ఉంటుంది. పెట్టె మీది అంకె నిజమే, అయితే అది గాలి సంగతి.

పోనీ అని ప్రోబ్‌ను స్టీలు గొట్టంలో పెట్టి జాడీ నడిమధ్యకు దింపితే కథ తిరగబడుతుంది. మధ్యలోని బీరు అర డిగ్రీ దిగేదాకా కంప్రెసర్ ఆగదు. అప్పటికి చుట్టూ గాలి 2, 3 డిగ్రీలకు పడిపోయి ఉంటుంది. కంప్రెసర్ ఆగాక కూడా ఆ చలి జాడీలోకి దిగుతూనే ఉంటుంది. బీరు 18 దాటి 17కో అంతకన్నా కిందికో జారుతుంది. అప్పుడు వేడి వైపు సాకెట్ మేలుకుంటుంది. అది ఎక్కించిందాన్ని మళ్లీ చలి దింపుతుంది. కరెంటు బిల్లు పెరుగుతుంది, ఈస్ట్ కంగారు పడుతుంది.

అనుభవజ్ఞులు ఎక్కువగా ఎంచుకునే దారి ఈ రెంటికీ మధ్యది. ప్రోబ్‌ను జాడీ బయటి గోడకు, బీరు మట్టానికి కిందుగా ఆనించి, దాని మీద అరచేయంత స్పాంజి ముక్కో, నాలుగు మడతల బబుల్ ర్యాపో కప్పి గట్టిగా టేపు వేస్తారు. ఆ కప్పు గాలిని ప్రోబ్‌కు తగలనివ్వదు, గాజు గోడ బీరు వేడిని చెబుతుంది. పులిసేటప్పుడు లేచే బుడగలు ద్రవాన్ని తమంతట తామే కలియబెడుతుంటాయి కాబట్టి గోడ దగ్గరికీ మధ్యకీ తేడా పెద్దగా ఉండదు. రెండు సాకెట్లు మేలుకునే ఉష్ణోగ్రతల మధ్య ఒక డిగ్రీ ఎడం ఉంచితే చలీ వేడీ కొట్టుకోవు.

కొనేటప్పుడు పాత ఫ్రిజ్‌లో చూడాల్సినవి నాలుగైదే. తలుపు రబ్బరుకు, అంచుకు మధ్య కాగితం పెట్టి మూసి లాగితే బిగువుగా రావాలి. జాడీ, దాని మూతి మీది ఎయిర్‌లాక్, అంటే బుడగలొచ్చే ఆ గొట్టం, కలిపి నిలువుగా పట్టాలి. కొలవకుండా కొని, ఇంటికొచ్చాక తలుపు లోపలి ప్లాస్టిక్ అరలు కోసుకునేవాళ్లు బోలెడుమంది. నిండు గాజు జాడీ 25 కిలోలకు పైనే, ఫ్రిజ్‌తో వచ్చిన అరలు దాన్ని మోయవు. అడుగున వెనకవైపు కంప్రెసర్ కోసం మెట్టులా లేచిన భాగానికి సమంగా చెక్క పీట వేస్తే సరిపోతుంది. ఎలక్ట్రానిక్ ప్యానెల్, ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న కొత్త రకాలు ఈ పనికి అంత నప్పవు, కరెంటు తీసి ఇచ్చిన ప్రతిసారీ కొన్ని తమ అమరికలు మరిచిపోతాయి. నాబ్ తిప్పే పాత మొద్దు ఫ్రిజ్‌కే ఇక్కడ గౌరవం. ఇంకో మాట, ఫ్రీజర్ మీద ఆశ వదులుకోవాలి. కరెంటే గంటల తరబడి ఉండదు కాబట్టి అందులో ఐస్‌క్రీమ్ నిలవదు. తలుపు తీస్తే ఒక్కోసారి లైటూ వెలగదు.

ప్రోబ్ వైరు లోపలికి పోవడానికి కన్నం పెట్టాలని చాలామందికి చేతులు దురదపెడతాయి. తలుపు రబ్బరు మెత్తగానే ఉంటుంది, కీలు వైపు నుంచి సన్న వైరును దూర్చితే దాని చుట్టూ మూసుకుంటుంది. తప్పనిసరై కన్నం పెట్టాల్సి వస్తే పక్క గోడల్లో వేడి గొట్టాలు ఎక్కడున్నాయో ముందు తెలియాలి. డ్రిల్లు ఒక్కదానికి తగిలితే ఫ్రిజ్ అయిపోయినట్టే. ఆర్-600ఏ అని రాసి ఉన్న ఫ్రిజ్‌లో గొట్టాల్లో తిరిగేది ఐసోబ్యూటేన్, అంటుకునే వాయువు. దానికి అసలు కన్నమే వద్దు. అమెరికా బీరు ప్రియులు గొట్టాల ఆచూకీకి ఓ చిట్కా వాడతారు. కార్న్‌ఫ్లోర్‌ను వోడ్కాలో కలిపి గోడ మీద పలచగా పూసి ఫ్రిజ్ ఆన్ చేస్తారు. వేడి గొట్టం పోయే దారిలో పూత ముందుగా ఆరి తెల్లటి గీతగా తేలుతుంది. ఆ గీతల మధ్య ఖాళీలో డ్రిల్లు పెడతారు.

మినియాపొలిస్ జనవరికి వేడి వైపు సాకెట్ కావాలి. జాడీకి చుట్టే 25–40 వాట్ల హీటింగ్ బెల్టు దానికి చాలు. పాతకాలపు ఫిలమెంటు బల్బుతో సరిపెట్టేవాళ్లు దాన్ని ఖాళీ పెయింటు డబ్బాలో పెట్టి మూస్తారు. వెలుతురు తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థాలు విరిగి గంధకం ఉన్న ఒక సమ్మేళనం పుడుతుంది. అమెరికా అడవుల్లో స్కంక్ అనే జంతువు చిమ్మే కంపుకు అది దగ్గరి చుట్టం. బీరు సీసాలు గోధుమరంగులో ఉండేది ఈ భయంతోనే. ఇడ్లీ పిండికి ఆ భయం లేదు. చలికాలంలో అమెరికా తెలుగు ఇళ్లలో పిండి గిన్నెను ఓవెన్‌లో పెట్టి లైటు వేసి ఉంచుతారు. బల్బు వేడి అక్కడ హాయిగా పనికొస్తుంది.

పెట్టె చేతికొచ్చాక బ్రూవర్‌కి అసలు లాభం ఒకే ఉష్ణోగ్రత దగ్గర నిలపడం మాత్రమే కాదు, అనుకున్న రోజున మార్చడం కూడా. లాగర్‌ను 10, 12 డిగ్రీల్లో మొదలుపెట్టి, చక్కెర చాలావరకు అయిపోతున్న దశలో రెండు రోజులు 16–18కి ఎక్కిస్తారు. ఈస్ట్ పెరిగేటప్పుడు వదిలే ఆల్ఫా-అసిటోల్యాక్టేట్ అనే పదార్థం బీరులో దానంతటదే డైఅసిటైల్‌గా మారుతుంది. సినిమా హాలు పాప్‌కార్న్‌లో వచ్చే వెన్న వాసన దానిది. ఈ మార్పు చలిలో నత్తనడక నడుస్తుంది. వేడి పెంచితే అది త్వరగా పూర్తవుతుంది, ఇంకా బతికున్న ఈస్ట్ ఆ డైఅసిటైల్‌ను తిరిగి మింగేస్తుంది. ఆ తర్వాత 2 డిగ్రీలకు దింపితే ఈస్ట్ అడుక్కి పేరుకుని బీరు తేరుకుంటుంది. ఇలా ఒక్కసారిగా చల్లార్చినప్పుడు జాడీలోని వాయువు కుంచించుకుపోయి ఎయిర్‌లాక్‌లోని ద్రవాన్ని లోపలికి పీలుస్తుంది. అందుకే అందులో పంపు నీళ్లకు బదులు కాస్త వోడ్కా పోస్తారు, అది లోపలికి పోయినా దాని వెంట క్రిములు పోవు.

కిలోన్నర చక్కెర పులిస్తే ముప్పావు కిలో దాకా కార్బన్ డయాక్సైడు వస్తుంది. గది ఉష్ణోగ్రతలో అది 350 లీటర్ల పైమాటే, అంటే ఓ మోస్తరు ఫ్రిజ్ లోపలి చోటంత. తలుపు రబ్బరు సందుల్లోంచి అది మెల్లగా జారిపోతుంది గానీ, పులవడం ఉద్ధృతంగా ఉన్న రోజున తలుపు తీసి తల లోపల పెట్టి వాసన చూడబోతే ముక్కు మండిపోతుంది. గాలి ఆడని చిన్న గదిలో ఈ ఫ్రిజ్ పెట్టకూడదు.

18 డిగ్రీలూ, తేమా, చీకటీ బూజుకు ఇష్టమైన వాతావరణం. కాల్షియం క్లోరైడు డబ్బా ఒకటి లోపల పెడితే తేమను లాగుతుంది. ఖాళీగా ఉన్న రోజుల్లో కడిగి ఆరబెట్టి, తలుపును కొద్దిగా తెరిచి ఉంచుతారు. పిల్లలున్న ఇంట్లో ఆ తెరిచి ఉంచడంలో జాగ్రత్త అవసరం. పాత ఫ్రిజ్‌లలో దాక్కుని, బయటి గడియ పడిపోయి పిల్లలు చనిపోయిన ఘటనలతోనే అమెరికా 1956లో ఫ్రిజ్ భద్రతా చట్టం తెచ్చింది. లోపలి నుంచి తోస్తే తెరుచుకునే తలుపులు ఆ చట్టంతోనే తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు నాటి గడియ ఫ్రిజ్ పాతసామాను సంతలో ముచ్చటగా కనబడినా కొనకూడదు.

ఇంత చేశాక కూడా ఫీనిక్స్ బ్రూవర్లు కొందరు వేసవిలో ఆ పెట్టెను 18 దగ్గర పెట్టరు. పశ్చిమ నార్వే పల్లెల్లో తరతరాలుగా ఇళ్లలోనే దాచుకుంటూ వచ్చిన క్వైక్ అనే ఈస్ట్ రకాలు ఈ మధ్య బయటి ప్రపంచానికి అందాయి. కొయ్య కంకణాల మీద ఎండబెట్టి దాచేవారట ఆ పల్లె జనం. ఈ ఈస్ట్ 35, 40 డిగ్రీల్లో కూడా ఘాటు పుట్టించకుండా మూడు నాలుగు రోజుల్లో పని ముగిస్తుంది. జాడీని నేరుగా గ్యారేజీ నేల మీదే పెట్టేస్తారు, ఫ్రిజ్ వంతు చివరి రెండు రోజులకే వస్తుంది. తేరుకోవడానికి క్వైక్ బీరుకు కూడా ఆ 2 డిగ్రీలు కావాలి.